నంబరు చూశారు, పిస్టల్ చూడలేదు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తున్నాను. సీజన్లో డబ్బు వెంట పెట్టుకుని తిరగాల్సి వస్తుంది కాబట్టి చాలా ఏళ్ల కిందటే .32 పిస్టల్‌కి లైసెన్సు తీసుకున్నాను. ఇంతవరకు ఎవరి మీదా ఎత్తలేదు. దాని వల్ల దొంగలెవరైనా భయపడ్డారో లేదో గానీ, నేను మాత్రం బాగానే భయపడ్డాను. అందుకే ఈ లేఖ.

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చాక, చెప్పినట్టే పిస్టల్‌ని స్టేషన్లో డిపాజిట్ చేశాను. అందులో తప్పుపట్టేదేమీ లేదు. ఫలితాలయ్యాక జూన్‌లో తెచ్చుకున్నాను. మన ఊరి ఎండాకాలం సంగతి తెలిసిందే, ఆ ఉక్కపోతకు మనుషులకే కాదు, ఇనుముకీ చెమట పడుతుంది. ఇంటికొచ్చి చూస్తే స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద ఆవగింజల్లా తుప్పు చుక్కలు. బారెల్ మూతి దగ్గర నల్లపూత పోయి తెల్లగా మెరుస్తున్న గీత. వెనక్కి లాగి ఆపిన స్లైడ్, తూటాలుండే మ్యాగజైన్‌ని కాస్త గట్టిగా తోస్తే చాలు, దానంతటదే టక్కున ముందుకొచ్చేస్తోంది. ఇవన్నీ ముందే ఉన్నాయా, స్టేషన్లో ఉండగా వచ్చాయా? నిజం చెప్పాలంటే నాకే గుర్తు లేదు. రసీదు తీసి చూస్తే పిస్టల్ ఒకటి, ఫలానా నంబరు అని మాత్రమే ఉంది.

కొన్నచోట ఫోన్ చేసి అడిగితే "వాడితే అరగదా సార్, ఏం కాదు" అన్నారు. మా బావమరిది నాలుగు వీడియోలు చూసి, వెంటనే అమ్మేయమన్నాడు. ఇద్దరిలో ఒక్కరూ దాన్ని కంటితో చూడలేదు.

చివరికి మా వీధిలో ఉండే రిటైర్డ్ హవల్దార్ గారిని పిలిచాను. ఆయన సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసే పనిలో ఉండేవారు. ముందు రౌండ్లన్నీ, అంటే తూటాలు, తీయించి పక్క గదిలో బీరువాలో పెట్టించారు. తూటా కూర్చునే చాంబర్ ఖాళీయో కాదో నన్ను రెండుసార్లు చూడమన్నారు. తను మాత్రం చెయ్యి వెయ్యలేదు. "రిపేరు చేయడానికి నాకు లైసెన్సు లేదండీ. విప్పడం మీ పని, చెప్పడం నా పని" అన్నారు. డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్ పరిచి స్లైడ్ విప్పాను. లోపల నూనెలో ఎర్రటి పొడి కలిసి పచ్చడిలా పేరుకుని ఉంది. యార్డు కారం! నాకు వరసగా మూడు తుమ్ములు. ఆ పాపం పూర్తిగా నాదే, స్టేషన్ వాళ్లను అనడానికి లేదు.

మెరిసే గీత మీద గోరుతో అడ్డంగా గీయమన్నారు. గోరు ఎక్కడా తట్టుకోలేదు. అయితే పోయింది పూత మాత్రమే, లోహం కాదన్నారు. స్లైడ్ ముందుకీ వెనక్కీ పోయేటప్పుడు బారెల్‌కి రాసుకుంటుంది, అక్కడ తెల్లబడటం మామూలే. గోరు తట్టుకున్నా, ఒక పక్కే లోతుగా కోసుకుపోయినా, సన్నటి పగులు కనిపించినా మామూలు కాదు. మ్యాగజైన్ గట్టిగా కొడితే స్లైడ్ జారడం చాలా పిస్టళ్లలో ఉండేదేనట. మెల్లగా పెట్టినా జారితే మాత్రం దాన్ని ఆపే గాడి అరిగినట్టు. తుప్పు చుక్కలు పైపైనే ఉన్నాయి, నూనె గుడ్డకి పోయాయి.

హమ్మయ్య అనుకుని పిస్టల్ బిగించాను. స్లైడ్‌ని పదిసార్లు లాగి వదలమన్నారు, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకుండా. ఏడోసారి స్లైడ్ ముందుకు రాగానే, వెనక నిలబడాల్సిన హ్యామర్ (కొట్టి తూటాని పేల్చే భాగం) దానితోపాటే పడిపోయింది. ఆయన మొహం మారిపోయింది. "ఇక దీంట్లో రౌండు పెట్టకండి" అన్నారు. హ్యామర్‌ని పట్టి ఉంచే చిన్న పన్ను అరిగినా, దాని సందులో మురికి చేరినా అలా అవుతుందట. లోపల రౌండు ఉంటే ఎవరూ నొక్కకుండానే పేలొచ్చు. నేను భయపడ్డ మూడూ ప్రమాదం లేనివి, అసలు ప్రమాదం నాకు తెలియనే తెలియదు. తర్వాత లైసెన్సున్న దుకాణంలో విప్పి చూసి, ఆ పన్ను అరిగిందని మార్చారు.

ఇప్పుడు అడగాల్సిన మాట. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు నా పిస్టల్ నంబరు కాగితంతో సరిపోయిందో లేదో చూశారు, అంతే. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లయింది. మాకు తిరుగుడు తగ్గింది, సంతోషం. కానీ ఎవరో ఒకరు ఆయుధాన్ని చేత్తో పట్టుకుని చూసే ఆ ఒక్క సందర్భమూ అంత దూరం జరిగింది. లారీకి ఫిట్‌నెస్ అడుగుతాం, తుపాకీకి ఎందుకు అడగం? కొత్తగా దరఖాస్తు చేసేవాళ్ల దగ్గర 2016 ఆయుధ నిబంధనలు భద్రతా శిక్షణ సర్టిఫికెట్ అడుగుతున్నాయి. పాత లైసెన్సుదారుణ్ణైన నాకు మాత్రం ఇంతవరకు ఎవరూ ఏ పాఠమూ చెప్పలేదు.

నాదైతే బీరువాలో ఉండే వస్తువు. బ్యాంకు గుమ్మం దగ్గర గార్డు భుజాన ఉండే డబుల్ బ్యారెల్ తుపాకీ పక్కనే రోజూ జనం క్యూ కడతారు. దాన్ని చివరిసారి విప్పి చూసిందెప్పుడో అడిగి చూడండి.

జిల్లా సాయుధ రిజర్వు పోలీసుల్లో ఆర్మరర్లు ఉంటారు. రెన్యువల్ రోజున వాళ్లలో ఒకరు ఒక్కో ఆయుధానికి పది నిమిషాలు కేటాయిస్తే సరిపోతుంది, కావాలంటే ఫీజు తీసుకోండి, కడతాం. ఎన్నికల డిపాజిట్ అప్పుడు ఎక్కడ గీత ఉందో, ఎక్కడ తుప్పు ఉందో రసీదులో రెండు ముక్కలు రాసి ఇద్దరి చేతా సంతకం చేయిస్తే, తర్వాత వాళ్లూ మేమూ వాదించుకునే పని ఉండదు. నూనె గుడ్డ మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక మిర్చి వ్యాపారి,
గుంటూరు