బుజ్జీ, నీ నవల చదివాను

బుజ్జీ,

నువ్వు పంపిన ఆరు అధ్యాయాలూ అయిపోయాయి. ఫోన్‌లో చదివితే కళ్ళు లాగుతున్నాయని జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నా. నీ రాత బాగుంది, ఆ విషయంలో టెన్షన్ పెట్టుకోవద్దు. చచ్చిపోయిన గడియారాల షాపాయన రాత్రిపూట వచ్చి అన్ని గడియారాలకూ కీ ఇచ్చి పోతాడే, ఆ చోట అమ్మ అన్నానికి మూడుసార్లు పిలిచినా లేవలేదు.

కానీ ఒకటి చెప్తా, కోపం తెచ్చుకోకు. హంతకుడెవరా అని నేను మూడు అధ్యాయాలు బుర్ర బద్దలు కొట్టుకుంటే, నాలుగో దాంట్లో నీ డిటెక్టివ్ పిల్ల కళ్ళు మూసుకుని మంత్రం చదివి సగం గుట్టు విప్పేసింది. అంత సులువైతే అన్నాళ్ళు దాన్ని వీధుల వెంట ఎందుకు తిప్పావు? మంత్రాలున్న ఊళ్ళో దొంగను పట్టుకోవడం ఇంకా కష్టం కావాలి గానీ తేలిక కాకూడదు.

నా చిన్నప్పుడు మా అవ్వ ముక్కుపుడక పోతే అంజనం వేసే ఆయన్ను పిలిపించారు. తమలపాకు మీద కాటుకలాంటిది నల్లగా పూసి, ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళకే అందులో కనపడుతుందంటూ పక్కింటి పిల్లను దీపం ముందర కూర్చోబెట్టాడు. ఆ పిల్ల చెమటలు కక్కుతూ చాలాసేపు చూసి, ఎర్రచీర కట్టుకున్నామె వంగి ఏదో చేస్తోంది అంది. మొహం కనపడలేదంట. ఎర్రచీర మా వీధిలో ఎవరికి లేదు? రెండిళ్ళతో మాకు మాటలు ఆగిపోయాయి. తర్వాతెప్పుడో ముక్కుపుడక బియ్యం గాదెలో దొరికింది. ఎర్రచీర అవ్వకూ ఉండేది, బియ్యం తీయడానికి వంగింది ఆమే. అంజనం అబద్ధం చెప్పలేదన్నమాట! నీ మంత్రం అట్లా ఉండాలి. ఉన్నదే చూపించాలి, కానీ చూసినవాళ్ళు తప్పుదోవ పట్టాలి, దానికి ఎవరో ఒకరు మూల్యం కట్టాలి.

ఇన్నేళ్ళు కోర్టులో బెంచి క్లర్కుగా చేసినోణ్ణి కదా, ఇంకో గొణుగుడు కూడా ఉంది. పంచనామాలో ఎక్కని కత్తి ఆఖరి వాయిదా రోజున ఉన్నట్టుండి బల్ల మీద ప్రత్యక్షమైతే ఎదుటి వకీలు ఊరుకుంటాడా? ఆరో అధ్యాయంలో నీ వెండి తాళంచెవి అట్లాగే ఊడిపడింది. రెండో అధ్యాయంలోనే దాన్ని ఎక్కడో ఓ మూల మేకుకు తగిలించు, పాఠకుడు చూసి కూడా పట్టించుకోనట్టు.

ఇంక ఆ ఊరి సంగతి. పొగమంచు, భూమి కింద రైళ్ళు, వానలో గొడుగులు... నువ్వెప్పుడన్నా చూశావా అవి? నువ్వు పుట్టి పెరిగిన కర్నూలు ఏం పాపం చేసింది? కొండారెడ్డి బురుజు కింద నుంచి, తుంగభద్ర అడుగున, గద్వాల దాకా సొరంగం ఉందని చిన్నప్పుడు నువ్వే మీ ఫ్రెండ్స్‌ను బెదరగొట్టేదానివి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడినప్పుడు ఆ నీళ్ళు సొరంగంలోకీ పోయుంటాయి కదా. వరద తీసినాక మన వరండాలో ఎవరిదో ఉయ్యాల పీట బురదలో కూరుకుపోయి దొరికింది, అడగడానికి ఎవరూ రాలేదు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నీ డిటెక్టివ్‌ను కనుక్కోమను! లేకపోతే 1953 లో మనది రాజధాని అయినప్పుడు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి, 1956 లో మూటాముల్లె కట్టుకుని హైదరాబాదు పోయాయి, ఆ హడావిడిలో ఒక ఫైలు ఇక్కడే ఉండిపోయిందనుకో, దాన్ని కాపలా కాసే గుమాస్తా దయ్యం ఒకటి ఇంకా సంతకం కోసం తిరుగుతోందనుకో. (ఆ గుమాస్తా పాత్ర నా మీద రాసినా నాకేం అభ్యంతరం లేదు.)

నాకు అన్నిటికంటే నచ్చేది సంగమేశ్వరం. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మనదేలే. శ్రీశైలం డ్యాం నీళ్ళలో ఏడాదిలో ఎక్కువ నెలలు గుడి మునిగే ఉంటుంది, ఎండాకాలం నీళ్ళు తగ్గితే ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి లోపలి వేప చెక్క లింగం బయటపడతాయి. నీ అసలు ఆధారం ఆ గుడిలో పెట్టి చూడు. నీ పిల్లకు ఎంత శక్తి ఉన్నా నీళ్ళు తీసేదాకా ఆగాల్సిందే, మళ్ళీ వరద నీళ్ళు ఎక్కేలోపే బయటికి రావాలి. డ్యాం నీటిమట్టం రోజూ పేపర్లో వేస్తారు, హంతకుడు కూడా అదే పేపరు చదువుతుంటాడు. ఇంతకంటే టెన్షన్ ఏం కావాలి?

దేవరగట్టు కర్రల సమరం మాత్రం పెట్టొద్దు. ప్రతివోడూ అదే పెడతాడు.

అమ్మకు ఆ శవాల గది అధ్యాయం ఇవ్వలేదు, రాత్రి నిద్రపోదు, నన్నూ పోనివ్వదు. ఏడో అధ్యాయం ఎప్పుడు పంపుతావు? నాకైతే ఆ లైబ్రరీ ఆయన మీదే అనుమానం. అవునో కాదో ఫోన్‌లో చెప్పేయొద్దు, నోరు కట్టుకో.

మీ నాన్న