కొక్కులను కాడతో సహా అమ్మించాలి

సంపాదకుడు గారికి,

ఆరుద్ర కార్తె వానలు పడగానే ములుగు, తాడ్వాయి, పాకాల అడవుల నుంచి వరంగల్ వచ్చే రోడ్ల పక్కన పుట్టకొక్కులు, అంటే చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు, అమ్మకానికి వస్తాయి. ‘తెలిసిన కొక్కులనే తినండి’ అని మనం వినే హెచ్చరికలో తప్పేమీ లేదు గానీ, గుర్తు పట్టేదెట్లాగో అది చెప్పదు. అసలు గుర్తు నేలలో ఉంటుంది. కాడను పైపైనే విరిచి, మట్టి దులిపి ముచ్చటగా పేర్చి అమ్మితే ఆ గుర్తు అడవిలోనే ఉండిపోతుంది.

చెదపుట్ట మీది కొక్కును జాగ్రత్తగా తవ్వి తీస్తే, కాడ సన్నబడుతూ వేరులా చెదల గూడు దాకా దిగి ఉంటుంది. అమానిటా అనే జాతి కొక్కుల్లో ప్రాణాంతకమైన రకాలకు ఆ వేరు ఉండదు. కాడ అడుగున ఉబ్బి, దాని చుట్టూ తెల్లని పొర దొప్పలా అంటుకొని ఉంటుంది. చిక్కేమిటంటే, గడ్డివాముల మీద వచ్చే మంచి కొక్కుకూ అటువంటి దొప్పే ఉంటుంది, మొగ్గగా ఉన్నప్పుడు రెండూ కోడిగుడ్డులాగే కనిపిస్తాయి. విచ్చుకున్నాక మాత్రం గడ్డికొక్కు గొడుగు కింది రేకులు గులాబి రంగుకు తిరుగుతాయి, ప్రాణం తీసే అమానిటావి తెల్లగానే ఉంటాయి. కాడకు ఉంగరం ఉంటే విషమేనని కొందరంటారు. పుట్టకొక్కుల్లోనూ ఉంగరమున్న రకం ఉంది కనుక ఆ ఒక్క గుర్తుతో తేల్చలేము. ఇక వెండి నాణెం నల్లబడకపోతే మంచిదని, పురుగులు తిన్నది మనమూ తినవచ్చని నమ్మేవారు చదువుకున్న వాళ్లలోనూ ఉన్నారు. ఈ పరీక్షలకు ఏ ఆధారమూ లేదు.

అమానిటాలోని విషం ఉడికించినా, ఎండబెట్టినా పోదు. తిన్నాక 6 గంటలు మొదలుకొని ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు పట్టుకొని, మర్నాటికి తగ్గినట్టే అనిపిస్తుంది, లోపల మాత్రం కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. కాబట్టి రాత్రి కొక్కుల కూర తిని తెల్లవారి వాంతులతో వచ్చిన మనిషికి ఓఆర్‌ఎస్ పొట్లం ఇచ్చి పంపితే సరిపోదు. ఎప్పుడు తిన్నారో, ఎన్ని గంటలకు మొదలైందో ఆరా తీసి, ఆలస్యంగా మొదలైతే తగ్గేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పంపాలి. మిగిలిన కూరను, పచ్చి కొక్కులను పారేయకుండా వెంట తీసుకుపోవాలి.

అమ్మకాలు ఆపించాలన్నది నా ఉద్దేశం కాదు. అడవి పక్క ఊళ్లలో వానాకాలపు నాలుగు పైసలు వాటి మీదే వస్తాయి, ఏది మంచిదో అక్కడి పెద్దలకు మనకంటే బాగా తెలుసు. ఏటూరునాగారం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), అటవీ శాఖ, కాకతీయ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగం ఆ పెద్దలను కూర్చోబెట్టుకొని, అడుగుభాగం స్పష్టంగా కనిపించే ఫోటోలతో గోడపత్రికలు వేయించి, మృగశిర కార్తె నాటికే అంగళ్లలోనూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ అంటించాలని, కొక్కులను కాడతో సహా తవ్వి తెచ్చి అమ్మేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హనుమకొండ