కుడిచేయి ఖాళీగా ఉంది

నాన్నా,

డయాలిసిస్ జరుగుతోంది. ఎడమచేతికి రెండు సూదులున్నాయి, కదపకూడదు. కుడిచేయి ఖాళీ. నాలుగు గంటలు ఫ్యాను చూస్తూ పడుకునే బదులు ఇవాళ నీ పాత లెక్కల నోటుబుక్కు వెంట తెచ్చుకున్నాను. వెనక పేజీలు ఖాళీగానే ఉన్నాయిలే! ఇంట్లో మాట్లాడదామంటే ఈలోపు కుక్కర్ కూస్తుంది, నువ్వు లేచిపోతావు.

మొన్న రాత్రి నేను నిద్రపోలేదు. కళ్లు మూసుకుని ఉన్నానంతే. నువ్వు నాలుగుసార్లు వచ్చావు. వచ్చిన ప్రతిసారీ నా ఫిస్టులా మీద, అదే, డయాలిసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం మీద, రెండు వేళ్లు పెట్టి, రక్తం పారుతుంటే తెలిసే ఆ జుమ్మనే అదురు ఉందో లేదో చూసుకుని వెళ్లావు. అలా చూసుకోమని నర్సమ్మ చెప్పింది నాకు, నీకు కాదు. నేనే నీకు నేర్పాను. "మా ఇంట్లో డాక్టరున్నాడు" అని వీధంతా గొప్పగా చెప్పుకున్నాను కూడా. నీ వేళ్లు చల్లగా, చెమటతో తడిగా ఉంటాయని మొన్ననే తెలిసింది.

మర్నాడు సోషల్ నోట్సు మర్చిపోయావని బళ్లో బయట నిలబెట్టారు. "ఇంటి పనులన్నీ గుర్తుంటాయి, బడివి గుర్తుండవా?" అన్నారట. ఆ మాట నేనూ ఎన్నిసార్లు అన్నానో. ఎందుకంటే ఫాస్ఫరస్ పెరగకుండా ఇచ్చిన నా మాత్ర అన్నంతో పాటే వేసుకోవాలని నీకు గుర్తుంటుంది. కూరగాయలు ఉడికించి ఆ నీళ్లు వంచెయ్యాలని గుర్తుంటుంది. పొద్దున్నుంచి ఎన్ని గ్లాసులు తాగానో నాకంటే నీకే బాగా తెలుసు. పెరట్లో కొబ్బరిచెట్టు ఉండి కూడా నేను చుక్క కొబ్బరినీళ్లు తాగకూడదని, నువ్వూ తాగడం మానేశావు.

విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పాక నాకు కొంత అర్థమైంది. నీలా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు శ్రద్ధ ఉంటుందట, దాన్ని కావలసినచోట నిలపడమే కష్టమట. ఇప్పటికిప్పుడు కొంప మునుగుతుందనిపించే పనిని బుర్ర గట్టిగా పట్టుకుంటుంది, రేపటి నోటుబుక్కును జారవిడుస్తుంది. నా మాత్రలు నీకు గుర్తుంటున్నది భయం వల్ల. ఇన్నాళ్లూ ఆ భయాన్నే మనం గడియారంలా వాడుకున్నాం. ఇప్పుడది అర్ధరాత్రి కూడా మోగుతోంది.

ఇంకో సంగతి కూడా చెప్పారావిడ. ఇంట్లో రోగులను చూసుకునే పిల్లలను బ్రిటన్‌లో యంగ్ కేరర్ అంటారట. ఇంగ్లండులో అయితే 2014 చట్టం ప్రకారం ఆ పిల్లలకు ఏ సాయం కావాలో అక్కడి కౌన్సిల్ వాళ్లు చూడాలట. మనకు అలాంటి పేరేమీ లేదు. "తల్లిని బంగారంలా చూసుకుంటున్నాడు" అనే మెచ్చుకోలు మాత్రం ఉంది. మన ఉద్దానానికి ఎన్ని బృందాలు వచ్చి నీళ్లు, రక్తం పట్టుకెళ్లలేదు! ఇంతమందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు, సరే. ఈ ఇళ్లలో వంట ఎవరు చేస్తున్నారని ఒక్కరూ అడిగినట్టు నాకు గుర్తులేదు. డయాలిసిస్‌కు మనం డబ్బు కట్టక్కర్లేదు, నెలకు 10,000 పింఛను వస్తోంది. 2018లో తిత్లీ తుపాను మన తోటను పడగొట్టాక మీ నాన్న చెన్నై వెళ్లి అక్కడినుంచి పంపుతున్నారు. మిగతాదంతా నీ మీద పడింది.

నా తప్పొకటి ఉంది. అమ్మ జబ్బు సంగతి బళ్లో చెప్పొద్దని నీ చేత ఒట్టు వేయించుకున్నాను. కిడ్నీ ఇల్లని పేరు పడితే రేపు నీకు పిల్లనెవరిస్తారని నా భయం. తొమ్మిదో తరగతి పిల్లాడి పెళ్లి గురించి, చూడు! ఆ ఒట్టు నేనే తీసేశాను. నిన్న వెళ్లి హెడ్మాస్టరు గారికి అంతా చెప్పాను, నీ మందుల చీటీ కూడా చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నిన్ను కిటికీ పక్కనుంచి ముందు బెంచీకి మారుస్తామన్నారు. అన్ని సబ్జెక్టులకూ కలిపి ఒకటే లాంగ్ నోట్‌బుక్ పెట్టుకోవచ్చు, ఇంటికొచ్చాక విడదీసి రాసుకుందువు. ఇంటిపని ఏమిచ్చారో బెల్లు కొట్టకముందే డైరీలో రాశావా లేదా అని సారు ఒకసారి చూస్తారు.

సోమ, బుధ, శుక్రవారాల్లో పదిన్నర దాటితే నీకు పాఠం ఎక్కదని నాకు తెలుసు. నేను బస్టాండులో బీపీ పడిపోయి కూలబడ్డ రోజు, లెక్కల క్లాసు మధ్యలో నిన్ను పిలవడానికి తలుపు దగ్గరకు మనిషొచ్చాడు. అప్పటినుంచి ఆ తలుపు దగ్గర ఎవరు కనబడినా నీకు గుండె దడే. అందుకని ఎవరినీ పంపవద్దన్నాను. సూదులు తీయగానే నేనే ఆఫీసుకు ఫోన్ చేస్తాను, ఇంటర్వెల్‌లో వెళ్లి నువ్వే అడుగు. దడ ఆగకపోతే 14416కి చెయ్యి. అది మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ లైను, టెలి మానస్ వాళ్లు రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. నన్ను లేపినా సరే, నేనేమీ అరిగిపోను.

పక్కింటి పిన్ని ఆ మూడు రోజులూ నీకు అన్నం, కూర పంపుతానంది. ఏడాదిగా అంటూనే ఉంది, నేనే మొహమాటపడ్డాను. ఫిస్టులా చూసుకునేది ఇక నేనే. సాయంత్రం కూరగాయలు తరగడం మాత్రం నీ చేత మాన్పించను, ఆ కాసేపే గదా నీ కబుర్లు వినేది.

గుడ్డు సంగతి కూడా నాకు తెలుసు. నాకు మాంసకృత్తులు కావాలని డాక్టరు అనగానే, మధ్యాహ్న భోజనంలో నీకిచ్చే గుడ్డు కాగితంలో చుట్టి తెస్తున్నావు. "ఆకలి లేదమ్మా" అంటే, నీ ఏడీహెచ్‌డీ మాత్రల వల్ల మధ్యాహ్నం నీకు నిజంగానే ఆకలి తగ్గుతుంది కదా అని నమ్మాను. మొన్న చొక్కా ఉతుకుతుంటే జేబులో పెంకులు కనబడ్డాయి. ఇంట్లో గుడ్లున్నాయిరా, ట్రే మొత్తం ఉంది. బళ్లో గుడ్డు బళ్లోనే తిను. రాత్రికి ఇంకోటి ఉడకబెట్టుకుందాం, తెల్లసొన నాకు, పచ్చసొన నీకు.

మిషను కూస్తోంది, నర్సమ్మ వస్తోంది. పదీ నలభై అయింది. ఫోన్ చేయాలి.

అమ్మ