పత్రాల ఒరవడి పని: 2024–25 వార్షిక నివేదిక

నెల్లూరు, ప్రకాశం జిల్లాల సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టికను విడిగా పంపుతున్నాం. ఈ నివేదికలో లినక్స్ కెర్నెల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పత్రాలపై మన పత్రాల విభాగం చేసిన పనిని మాత్రమే వివరంగా చెబుతాం. ఇందులోని పద్ధతులు కొత్తగా చేరినవారికి నేరుగా పనికొస్తాయి.

లినక్స్ కెర్నెల్ పత్రాలు 2016లో, 4.8 విడుదలతో, డాక్‌బుక్ అనే పాత రూపాన్ని వదిలి, సాదా ఫైళ్ల నుంచి పేజీలు తయారుచేసే స్ఫింక్స్ అనే పనిముట్టు వైపు మళ్లడం మొదలుపెట్టాయి. అంతకుముందు సాదా టెక్స్ట్ ఫైళ్లు చాలా ఉండేవి, ఎవరు రాసింది వారి పద్ధతిలో. ఇప్పుడు దాదాపు అన్నిటికీ స్ఫింక్స్ చదివే గుర్తుల పద్ధతి, రీస్ట్రక్చర్డ్‌టెక్స్టే ఒరవడి. పత్రం పేరుకు పైనా కిందా సమానం గుర్తుల గీత, అధ్యాయానికి కింద మాత్రమే సమానం గుర్తులు, విభాగానికి అడ్డగీతలు (-), ఉపవిభాగానికి అలగీతలు (~). ఏ గుర్తు ఏ స్థాయికన్నది స్ఫింక్స్‌కు పట్టింపు లేదు, ఒక ఫైల్లో వరస తప్పకపోతే చాలు. కానీ వేల ఫైళ్లు చదివే మనిషికి పట్టింపే. అందుకే ఈ వరసను సభ్యులు కంఠతా పట్టాలి.

పాత ఫైళ్లను మార్చేటప్పుడు వచ్చే తప్పులు దాదాపు ఎప్పుడూ అవే. జాబితాకు ముందూ వెనకా ఖాళీ వరస లేకపోతే అది పేరాలో కలిసిపోతుంది, లేదా హెచ్చరిక వస్తుంది. సీ భాష పాయింటర్ ముందుండే నక్షత్రం గుర్తును స్ఫింక్స్ వాలు అక్షరాలకు మొదలనుకుని, ముగింపు దొరక్క హెచ్చరిస్తుంది. అలాంటి కోడ్ ముక్కల ముందు పేరా చివర రెండు కోలన్లు (::) పెట్టి, ఖాళీ వరస వదిలి, లోపలికి జరిపితే చాలు. ఫంక్షన్ పేరుకు ప్రత్యేక గుర్తులేవీ అక్కర్లేదు, చివర కుండలీకరణాలు ఉంటే లింకు దానంతటదే పడుతుంది. కోడ్ వ్యాఖ్యల్లో ‘రిటర్న్’ కింద సున్నా అయితే ఇది, ఒకటి అయితే అది అని వరసలుగా రాస్తే అన్నీ కలిసి ఒకే వాక్యంగా అచ్చవుతాయి. వాటిని జాబితాగానే రాయాలి.

కొత్త ఫైలు పెట్టి సూచికలో చేర్చకపోతే ఏ విషయసూచికలోనూ లేదన్న హెచ్చరిక వస్తుంది. ఫైలు పేరు మార్చినప్పుడు దాన్ని పేర్కొన్న మిగతా ఫైళ్లు పాత దారినే చూపిస్తుంటాయి. ‘మేక్ రెఫ్‌చెక్‌డాక్స్’ ఆదేశం వాటిని బయటపెడుతుంది. పేరు మార్పునూ లోపలి మార్పులనూ ఒకే కమిట్‌లో (ఒకసారి నమోదు చేసే మార్పుల కట్టలో) కలపొద్దు. పాత, కొత్త ఫైళ్ల పోలిక సగానికి తగ్గితే ఫైళ్ల చరిత్రను భద్రపరిచే గిట్ దాన్ని పేరు మార్పుగా గుర్తించదు, ఫైలు చరిత్ర అక్కడితో తెగిపోతుంది.

ఒంగోలు, కావలి విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో పత్రాలన్నీ ఒకేసారి నిర్మించడం (చదివే పేజీలుగా మార్చడం) భారం. ‘మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్’తో పాటు ‘స్ఫింక్స్‌డిర్స్’కు తాము పనిచేసే ఫోల్డరు పేరిస్తే అంతవరకే నిర్మాణమవుతుంది. మార్పుకు ముందొకసారి, తర్వాతొకసారి నిర్మించి రెండు హెచ్చరికల జాబితాలనూ పోల్చాలి. కొత్త హెచ్చరిక ఒక్కటి కనబడినా ప్యాచ్ (మార్పుల ఫైలు) పంపొద్దు.

ఈ ఏడు మా శ్రమలో ఎక్కువ భాగం, విద్యార్థుల కోసం అదే ఒరవడిలో రాస్తున్న తెలుగు మార్గదర్శికి పోయింది. ఇంగ్లీషు పత్రాలు రాసేవారికి ఎదురుకాని చిక్కులు ఇక్కడున్నాయి.

మొదటిది శీర్షిక గీత. ‘తెలుగు’ కంటికి మూడక్షరాలు. స్ఫింక్స్ వెనకున్న డాక్‌యుటిల్స్ గుణింతపు గుర్తులను విడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికి ఆరు. పొల్లును మాత్రం లెక్కలోంచి తీసేస్తుంది. గీతలో నాలుగో అంతకుమించో గుర్తులుండి అవి చాలకపోతే హెచ్చరిస్తుంది. మూడే ఉంటే ఆ రెండు వరసలనూ మామూలు పేరాగా తీసుకుంటుంది, మామూలు అమరికలో హెచ్చరిక కూడా ఇవ్వదు. శీర్షిక సూచికలోంచి మాయమవుతుంది. గీతను కొలవొద్దు, పొడుగ్గా లాగండి. ఎక్కువైతే నష్టం లేదు.

రెండోది విభక్తి. మన భాషలో ‘లో’, ‘కి’, ‘ని’ పదానికి అతుక్కుంటాయి. కోడ్ గుర్తుగా పెట్టే జంట బ్యాక్‌టిక్‌ల (``) తర్వాత ఖాళీయో విరామచిహ్నమో ఉండాలన్నది నియమం. ``మేక్``లో అని రాస్తే ముగింపు దొరకలేదన్న హెచ్చరిక వస్తుంది. ``మేక్``\ లో అని, బ్యాక్‌స్లాష్, ఒక ఖాళీ పెట్టి రాయాలి. ఆ రెండూ అచ్చులో కనబడవు. అడ్డగీత పెట్టినా పనవుతుంది గానీ, అది పేజీలో మిగిలిపోయి చదివేవారిని తడబెడుతుంది. బ్యాక్‌స్లాష్ పద్ధతినే ఖాయం చేశాం.

మూడోది పట్టికలు. గీతలతో గీసే పట్టికలో నిలువు వరసలు కుదరాలి. తెలుగులో కంటికి కుదిరింది యంత్రానికి కుదరదు. కెర్నెల్ మార్గదర్శకాలు జాబితా రూపపు పట్టికలను (గడులను జాబితా అంశాలుగా రాసేవి) గట్టి కారణం లేనిదే వాడొద్దంటాయి, సాదా ఫైలుగా చదవడం కష్టం గనక. తెలుగుకు ఆ గట్టి కారణం ఉంది. ఇంగ్లీషు పత్రాల్లో గీతల పట్టిక, తెలుగులో జాబితా పట్టిక: ఇదే మన నియమం.

వరసకు 80 గడుల హద్దు విషయంలోనూ జాగ్రత్త. కంప్యూటర్ అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి (అక్షరానికో గుణింతపు గుర్తుకో) మూడు బైట్లు. బైట్లు లెక్కపెట్టి వరస విరిచే పనిముట్లు 26 సంకేతాలకే తెంచుతాయి, ఒక్కోసారి సంకేతం నడిమధ్యన. పీడీఎఫ్‌కు పీడీఎఫ్‌లేటెక్ అనే పనిముట్టు బదులు జీలేటెక్‌ను, తెలుగు ఫాంటును అమరికల ఫైల్లో చెప్పాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాల్సి ఉంది. రూపం సరిదిద్దే ప్యాచ్‌లు తేలిక కాబట్టి కొత్తవారు వాటితోనే ఆగిపోతున్నారు. ఎవరూ చదవని, విషయం కాలం చెల్లిన ఫైలుకు గీతలు సర్ది పంపితే కెర్నెల్ నిర్వాహకుల సమయం వృథా. ముందు ఆ ఫైల్లో చెప్పింది నేటి కోడ్‌కు సరిపోతుందో లేదో చూడండి. సరిపోకపోతే విషయం దిద్దే ప్యాచ్ మొదట, రూపం దిద్దేది తర్వాత.

వచ్చే ఏడు తెలుగు మార్గదర్శిలో కోడ్ వ్యాఖ్యల అధ్యాయం పూర్తి కావాలి. పట్టికల అధ్యాయానికి రెండో చదువరి కావాలి. కోడ్‌తో పరిచయం లేకపోయినా తెలుగు బాగా వచ్చినవారు ఈ పనికి సరిపోతారు. నెల్లూరు సభ్యులు వచ్చే సమావేశంలోనే పేరు నమోదు చేసుకోవచ్చు. ఒంగోలు వైపు వారికి అక్కడి శిక్షణ రోజునే ఫైళ్లు అప్పగిస్తాం.