పిల్ల ముఖం చూసి ఓర్చుకో అని నేనే అన్నాను

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది హనుమకొండ. టీచర్‌గా చేసి రిటైరయ్యాను. నా బిడ్డ తొమ్మిదేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటోంది, ఆమెకు ఆరేళ్ల కూతురు. పోయినేడు ఒక రాత్రి ఫోన్ చేసి "అమ్మా, ఆయన మళ్లీ చెయ్యి చేసుకున్నాడు" అని ఏడిస్తే నేను అన్నది ఒక్కటే, పిల్ల ముఖం చూసి ఓర్చుకో బిడ్డా అని. మా అమ్మ నాకు చెప్పిన మాట అది. మన దగ్గర పెద్దమనుషుల పంచాయితీ ఎక్కడ పెట్టినా, ఎన్ని గంటలు మాట్లాడినా, చివరికి ఈ మాట చెప్పే ఆడపిల్లను వెనక్కి పంపిస్తారు. మా వీధిలో అద్దెకుండే అమ్మాయిని ఇద్దరు పిల్లలతో రెండుసార్లు అట్లాగే పంపించారు, నేను చూస్తూ ఊరుకున్నాను.

ఆ రాత్రి నా మనుమరాలు పక్కగదిలో మెలకువగానే ఉందని నాకు తర్వాత తెలిసింది. అరుపులు మొదలవగానే బొమ్మ పట్టుకుని మంచం పక్కన కింద కూర్చునేదట, అంతా సద్దుమణిగాక ఫ్రిజ్ తీసి అమ్మ చేతికి ఐసుముక్కలు తెచ్చి ఇచ్చేదట. ఆరేళ్ల పిల్ల!

ఆస్ట్రేలియా ఫ్యామిలీ లా చట్టంలో సరిగ్గా దీని గురించే రాసి ఉందని నా బిడ్డ చెబితే ముందు నమ్మలేదు. పిల్లను కొట్టకపోయినా, తల్లిని కొట్టడం ఆ పిల్ల చూసినా, విన్నా, తర్వాత తల్లిని ఓదార్చినా, పగిలిన సామాన్లు ఎత్తిపెట్టినా, ఆ పిల్ల మీద హింస ప్రభావం పడినట్టే లెక్క. 2024 మే 6 నుంచి ఇంకో ముఖ్యమైన మార్పు వచ్చింది. అంతకుముందు, 2006 నుంచి, పిల్లల బాధ్యత తల్లిదండ్రులిద్దరికీ సమానమనే ఊహతో కోర్టు మొదలుపెట్టాలని ఉండేది. హింస ఉన్నచోట అది వర్తించదని చట్టంలోనే ఉన్నా చాలామంది దాన్ని "పిల్ల సగం రోజులు తండ్రి దగ్గరే ఉండాలి" అని అర్థం చేసుకుని, ఆ భయంతో నోరు మెదపకుండా ఉండిపోయారు. ఇప్పుడు ఆ ఊహను తీసేశారు. పిల్లకు ఏది మంచిదో చూసేటప్పుడు కోర్టు పరిశీలించాల్సిన అంశాల్లో మొదటిది భద్రత. పిల్ల భద్రతతో పాటు ఆ పిల్లను చూసుకునే మనిషి భద్రత కూడా. అంటే తల్లి క్షేమం వేరు, పిల్ల మంచి వేరు అని విడదీయడానికి లేదు. "భార్యను కొడితే కొట్టాడు గానీ తండ్రిగా మంచోడే" అని మనవాళ్లు ఎంత తేలిగ్గా అనేస్తారో గుర్తుచేసుకోండి.

2025 జూన్ 10 నుంచి వచ్చిన మార్పు అయితే నేరుగా మన ఇళ్లను తాకేది. డబ్బు విషయంలో పెట్టే హింసను వివరిస్తూ కట్నం కోసం బెదిరించడం, ఒత్తిడి పెట్టడం కూడా అందులో రాశారు. ఆస్తి పంపకాల్లో హింస వల్ల మనిషికి జరిగిన ఆర్థిక నష్టాన్ని కూడా కోర్టు చూస్తుంది. మా వియ్యపురాలు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో "ప్లాటు రిజిస్ట్రేషన్ ఎప్పుడు వదినా" అని అడిగేది, అదే రోజు రాత్రి అక్కడ గొడవ. కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా నేరమని ఇక్కడ 1961 నుంచి చట్టం ఉంది. తెలిసి కూడా పెళ్లినాడు ఒప్పుకున్నాం, అది మా తప్పు.

నేను చేసిన ఇంకో తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే విదేశాల్లో బిడ్డలున్న తల్లులు అందరూ ఇదే చేస్తారు. పిల్లను తీసుకుని ఫ్లైట్ ఎక్కి వచ్చెయ్ అన్నాను. పిల్లల గురించి అక్కడ కోర్టులో కేసు నడుస్తున్నప్పుడు గానీ, ఆర్డర్ ఉన్నప్పుడు గానీ, అవతలి వాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు లేదా కోర్టు అనుమతి లేకుండా పిల్లను దేశం దాటించడం అక్కడ నేరం. జైలు శిక్ష పడొచ్చు. నా మాట విని ఉంటే నా బిడ్డ నిందితురాలయ్యేది. వినలేదు కాబట్టి సరిపోయింది. ముందు 1800 737 732కి ఫోన్ చేసింది. అది హింసకు గురైనవాళ్ల కోసం అక్కడ ఉన్న నంబరు. ఇంగ్లిష్ ఇబ్బంది అయినవాళ్లు 131 450కి చేస్తే దుబాసీని కలుపుతారు. ప్రస్తుతానికి పిల్ల తల్లి దగ్గరే ఉంది, తండ్రి ఒక సెంటర్‌లో సిబ్బంది ఉండగా వచ్చి చూసి వెళ్తున్నాడు.

మరి మన దగ్గర? 2005 గృహహింస చట్టం 21వ సెక్షన్ కింద మెజిస్ట్రేట్ పిల్లలను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు, తండ్రి వచ్చి చూడటం పిల్లకు హాని అనుకుంటే వద్దనవచ్చు. మంచి సెక్షన్, కానీ అది తాత్కాలికానికే. అసలు కస్టడీకి వచ్చేసరికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం తీయాలి. అందులో ఏం చూడాలో రాసిన చోట పిల్ల వయసు ఉంది, మతం ఉంది, గార్డియన్ నడవడిక ఉంది, చుట్టరికం ఎంత దగ్గరో అదీ ఉంది, ఇంట్లో హింస అన్న మాట మాత్రం లేదు. హిందువుల పిల్లల సంరక్షణ గురించిన 1956 చట్టం పిల్ల సంక్షేమమే ముఖ్యం అంటుంది, సంతోషం, కానీ సంక్షేమం అంటే ఏమిటో విడమరచి చెప్పదు. మంచి జడ్జి దొరికితే చూస్తారు, లేకపోతే లేదు. తల్లి తిన్న దెబ్బలు పిల్ల కేసులో లెక్కకు రావాలా వద్దా అన్నది జడ్జి మనసును బట్టి ఉండకూడదు, చట్టంలో రాసి ఉండాలి. మన ఎంపీలు ఈ సంగతి పార్లమెంటులో అడగాలని నా విన్నపం.

అది జరిగేలోపు చేయగలిగినవి ఉన్నాయి. మా హనుమకొండలో అదాలత్ అనే సెంటర్ దగ్గరున్న కోర్టులో న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్లకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచితంగా వకీలును పెడతారు. 15100కి ఫోన్ చేసినా సరే. మహిళల హెల్ప్‌లైన్ 181. న్యాయసేవాధికార సంస్థవాళ్లు పెళ్లిళ్ల సీజన్‌కు ముందు, విదేశీ సంబంధాలు చేసుకునే తల్లిదండ్రులను పిలిచి ఒక్క పూట ఈ విషయాలు చెబితే బాగుంటుంది, రమ్మంటే నేను వచ్చి నా సంగతి చెబుతాను. మీ పత్రికలో కూడా ఈ నంబర్లు పెళ్లి ప్రకటనలు వేసే పేజీలోనే వేయమని అడుగుతున్నాను, ఎందుకంటే తల్లిదండ్రులు ప్రతి ఆదివారం ముందు తీసేది ఆ పేజీనే.

ఇట్లు,
ఒక తల్లి,
హనుమకొండ