పెద్ద పేరే కోచ్‌కు అర్హతా?

పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడికి సీనియర్ క్లబ్బును నడిపిన అనుభవం లేకున్నా జాతీయ జట్టు కోచ్ పదవి కట్టబెట్టే ధోరణి మారాలి. నెదర్లాండ్స్ స్ట్రైకర్ మార్కో వాన్ బాస్టెన్‌నే చూడండి. 1988 యూరో (ఐరోపా దేశాల ఛాంపియన్‌షిప్) ఫైనల్లో సోవియట్ జట్టుపై, బంతి నేల తాకకముందే, కుడివైపు ఇరుకు కోణం నుంచి ఆయన కొట్టిన గోల్‌ను వీడియోలో ఎన్నిసార్లు చూసినా నమ్మబుద్ధి కాదు. చీలమండ గాయం 1995లో, 30 ఏళ్లకే ఆయన ఆటను ముగించింది. 2004లో నేరుగా జాతీయ జట్టు పగ్గాలు! 2008 యూరోలో ఇటలీని 3-0తో, ఫ్రాన్స్‌ను 4-1తో చిత్తు చేసిన జట్టు క్వార్టర్ ఫైనల్లో రష్యాకు తలవంచింది. 2014లో ఆయన ఒత్తిడి తాళలేక డచ్ క్లబ్బు ఏజెడ్‌లో ప్రధాన కోచ్ పదవి వదిలి సహాయకుడయ్యారు. ఆ నిజాయతీ మెచ్చదగినదే. ఫుట్‌బాల్ సమాఖ్యలు ఇకనైనా కనీసం రెండు సీజన్ల క్లబ్బు కోచింగ్ అనుభవాన్ని తప్పనిసరి చేయాలి.