సినిమా చదువంటే యాక్టింగ్ కాదు సారూ

ఎడిటర్ గారికి నమస్తే,

పోయిన వారం మీ జిల్లా పేజీల ఆ వార్త చూసిన కాడికెల్లి రాద్దాం రాద్దాం అనుకుంటున్న, షాపుల గిరాకి, నడుమల పోయే కరెంటు, ఇయ్యాల్టికి తీరింది. డిగ్రీల సినిమా సబ్జెక్టు పెట్టాలని పిల్లలు కాయితం ఇస్తే "ముందు చదువుకోండ్రి, యాక్టింగ్ తర్వాత నేర్చుకోవచ్చు" అని ఆ పెద్దమనిషి అన్నడట, పక్కనున్నోళ్లు నవ్విన్రట. మీరు ఆ నవ్వుకు బాక్స్ కట్టి మరీ వేసిన్రు.

యాక్టింగ్ ఎవరడిగిన్రండి? పిల్లలడిగింది సినిమా చరిత్ర, విమర్శ, స్క్రీన్‌ప్లే రాసుడు. ఈ మూడింట్ల మొహానికి రంగేసుకునే పని ఒక్కటన్న ఉందా?

నాది గడియారం సెంటర్ కాడ జిరాక్స్ షాపు. రెండేండ్ల కింద ఒక పిలగాడు లాంగ్‌బుక్ తెచ్చిండు, రెండు కాపీలు తీసి స్పైరల్ వెయ్యమన్నడు. పేజీ బోర్లేసుకుంట ఊకెనే చూసిన. "సీన్ 14. చెరువు కట్ట. పొద్దుగూకినంక. తాత గొర్లను లెక్కబెడ్తడు. ఒకటి తక్కువొస్తది. మల్ల మొదటికెల్లి లెక్కబెడ్తడు." అంతే, డైలాగు లేదు. మిషన్ ఆపి మిగతాది చదువుకుంట కూసున్న, హాల్‌టికెట్ల కోసం నిలబడ్డోళ్లు నన్ను తిట్టుడే తక్కువ.

ఆ పిలగాడు ఇది నేర్పే కోర్సు ఏదన్న ఉందా అని ఒక అడ్మిషన్ కౌంటర్ల అడిగితే "హీరో అయితవారా" అన్నరట. ఆఖరికి సిటీల ఏదో ఇన్‌స్టిట్యూట్‌కు ఎనభై వేలు కట్టిండు, వాళ్ల నాయిన బర్లనమ్మి ఇచ్చిండు. మూడు నెలలకు వచ్చిందేంది, కెమెరా మెడలేసి తీసిన ఫొటో ఒకటి, సర్టిఫికెట్ ఒకటి. ఇప్పుడు పెండ్లిండ్లకు డ్రోన్ ఎగరేస్తుండు.

పుణెల ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1960లనే వచ్చింది, పాత సినిమాలు దాచిపెట్టే ఫిల్మ్ ఆర్కైవ్ 1964ల వచ్చింది, కలకత్తా జాదవ్‌పూర్ యూనివర్సిటీల 1993 నుంచి సినిమా చదువుకు డిపార్ట్‌మెంటే ఉంది. వాళ్లందరు పనిలేక పెట్టుకున్నరా?

చరిత్రల చదివేదేముంటది అంటరేమో, ఒక్క ముచ్చట చెప్త. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న రిలీజైందని ఏండ్ల తరబడి అందరం అదే తారీఖు చెప్పుకున్నం, అదే రోజు పండుగ చేసుకున్నం. తర్వాత ఒక జర్నలిస్టు పాత పేపర్లు, సెన్సార్ రికార్డులు తిరగేస్తే అసలు రిలీజు 1932 ఫిబ్రవరి 6 అని తేలింది. సినిమా చూసి చెప్దామంటే ప్రింటే మిగల్లేదాయె. తారీఖు ఒక్కటి సరిచేసుకోనీకే ఇన్నేండ్లు పట్టిందంటే, సినిమా ముచ్చట పాటలకు, ఫ్యాన్స్ కొట్లాటలకే వదిలేసినందుకు కాదా?

మన నల్లగొండ సంగతే తీసుకోండి. సాయుధ పోరాటం మీద 'మా భూమి' 1980ల వచ్చింది. తీసింది బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్, కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల, అండ్ల 'పల్లెటూరి పిల్లగాడా' పాట మన సుద్దాల హనుమంతుది. ఉర్దూ నవలలకెల్లి తెలుగు సినిమాకు ఏమొచ్చింది, ఏం వదిలేసిన్రు, బెంగాలాయన మన దొరల గడీని ఎట్ల చూసిండు, ఇది చాలదా ఒక సెమిస్టర్‌కు? కోదాడ దిక్కు గుడిబండల పుట్టిన కాంతారావు కత్తి తిప్పితే చప్పట్లు కొట్టినం, ఆ జానపద సినిమాలు ఎందుకు పుట్టినయో, ఎందుకు ఆగిపోయినయో పిల్లలకు చెప్పేటోళ్లు లేరు. తెలుగు పేపర్ల పద్యానికి ప్రతిపదార్థం రాయిస్తరు, మంచిదే, నేను కూడ రాసినోన్నే, సీన్‌కు ఒక పేజీ ఇస్తే ఆకాశం కూలుతదా?

ఆ మాటకొస్తె ఏది సక్కగుంది. ఇంటిపన్నుతోటి లైబ్రరీ సెస్సు గుంజుతరు, లైబ్రరీల సినిమా పుస్తకం అడిగితే చినిగిన పాటల పుస్తకం చేతుల పెడ్తరు. థియేటర్లు ఫంక్షన్ హాళ్లయినయి. ఏ మీటింగైనా సినిమాలు చెడిపోయినయని ఉపన్యాసం, ఆ ఉపన్యాసం ఇచ్చినాయనే కొత్త సినిమా ఫంక్షన్ల హీరో పక్కన దిగిన సెల్ఫీ ఫ్లెక్సీ కట్టిపిస్తడు. మంచిగ రాసేటోడు కావాలంటే వాడు ఎక్కడ నేర్చుకోవాలె?

ఆ పిలగాడు ఒక కాపీయే తీస్కపోయిండు, రెండోది నా షాపుల్నే ఉంది. మీ పేపర్ల నవ్విన ఆ పెద్దమనుషులల్ల ఎవరన్న చదువుతనంటే ఫ్రీగ ఇస్త. సీన్ 14 ఒక్కటి చదివినా సరే.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపాయన, గడియారం సెంటర్, నల్లగొండ